మన కాలికి సరిపోయే బూట్లు

(తునికాకు కోతకు నెల రోజుల ముందు ఒక ఊరి మహిళా సంఘంలో ఆరోగ్య కార్యకర్త చెప్పిన మాటలు)



ఈ రోజు నేను కాళ్ల గురించి మాట్లాడతాను. నవ్వకండి. ముందు అందరూ ఒకసారి మీ అరికాళ్లు చూసుకోండి.

ఏం కనబడింది? పగుళ్లు కనబడ్డాయి. పాత గాయాల మచ్చలు కనబడ్డాయి. ముల్లు విరిగి లోపలే ఉండిపోయిన చోట నల్లటి చుక్క కనబడింది. అవునా?

ఇప్పుడు గుమ్మం బయట విడిచిన చెప్పులు చూడండి. మనం ఇక్కడ 30 మందిమి ఉన్నాం. నేను వచ్చేటప్పుడు చెప్పులు లెక్కపెట్టాను. 18 జతలు ఉన్నాయి. అంటే 12 మంది ఉత్త కాళ్లతో వచ్చారు. ఆ 12 మందీ రేపు ఉత్త కాళ్లతోనే అడవికి పోతారు.

వేట ఆగింది, మన నడక ఆగలేదు

పూర్వం వేట కాలం వస్తే ఇంట్లో హడావిడిగా ఉండేది. మన్యంలో ఇటుకల పండుగకు మగవాళ్లు గుంపుగా వేటకు పోవడం ఆచారం. బాణాలు సరిచేసుకునేవాళ్లు. వలలు చూసుకునేవాళ్లు. తోలు చెప్పులు కుట్టించుకునేవాళ్లు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరం అయింది. అది మంచిదే.

కానీ మన ఆడవాళ్ల అడవి పని ఆగలేదు. ఎండలు ముదురుతుంటే ఇప్పపువ్వు ఏరతాం. ఆ వెంటనే తునికాకు. 50 ఆకులు ఒక కట్ట. ఆ కట్టల కోసం తెల్లవారక ముందే అడవిలో ఉంటాం. వానలు పడితే నాట్లు, కలుపు. ఆ తర్వాత పత్తి, మిరప. ఏడాది పొడుగునా మన కాళ్లు ముళ్ల మీద, బురద మీదే.

వేటకు పోయే మగవాడు ముందు కాళ్లకు ఏం వేసుకోవాలో చూసుకునేవాడు. మనం ఎందుకు చూసుకోం?

మా అత్తమ్మ సంగతి

మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

మా మామ రాత్రి పూట మోటారు వేయడానికి పోయేవాడు. అందుకని గమ్ బూట్లు కొన్నారు. వాటి నంబరు 8. ఒక రోజు మా అత్తమ్మ కూడా అవి వేసుకుని చూసింది. ఆమె కాలికి సరిపోయేది నంబరు 5. రెండు అడుగులు వేసింది. బూటులో కాలు జారి పడింది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. "ఇవి మగవాళ్ల వస్తువులే తల్లీ. మనకెందుకు?" అని విప్పి మూల పడేసింది.

ఆ ఏడు వానాకాలం. చీకటి పడే వేళ. అత్తమ్మ చేని గట్టు మీద గడ్డి కోస్తోంది. చీలమండ దగ్గర ఏదో పొడిచినట్లయింది. ముల్లు అనుకుంది. వంగి చూస్తే రక్తపింజరి.

ముందు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయాం. కాలికి తాడు బిగించి కట్టారు. పసరు పోశారు. నాలుగు గంటలు అక్కడే పోయాయి. ఆసుపత్రికి చేరేసరికి చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. మర్నాటికి మూత్రం ఆగిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి అన్నారు. రక్తం శుభ్రం చేసే యంత్రం పెట్టారు. 23 రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క గేదెనూ అమ్మాం.

అత్తమ్మ బతికింది. కానీ ఆ కాలు ఇప్పటికీ వాస్తుంది.

నేను చాలాసార్లు అనుకుంటాను. ఆ రోజు మేం నవ్వకుండా ఉండాల్సింది. బజారుకు పోయి నంబరు 5 బూట్లు వెతకాల్సింది. పాము కాటు పడిన చోటు చీలమండ. బూటు ఉంటే అక్కడ అంత మందం రబ్బరు ఉండేది.

ఉత్త కాలికి ఎంత ప్రమాదం?

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటు చావుల మీద ఒక పెద్ద పరిశీలన చేశారు. ఏడాదికి సుమారు 58,000 మంది చనిపోతున్నారని తేలింది. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. ఎక్కువ చావులు పల్లెటూళ్లలోనే. పొలం పనిలో పడే కాట్లు ఎక్కువగా పాదం మీద, చీలమండ మీదే పడతాయి.

పాము ఒక్కటే కాదు. ముల్లో, మేకో దిగితే ధనుర్వాతం రావచ్చు. పొలం నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. కాలికి పగుళ్లు ఉంటే అందులోంచి ఎలుక జ్వరం వస్తుంది.

కొంకిపురుగు సంగతి విన్నారా? జనం బయటికి కూర్చునే చోట మట్టిలో దాని పిల్లలు ఉంటాయి. కంటికి కనబడవు. ఉత్త కాలి చర్మం గుండా లోపలికి పోతాయి. పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. "నీకు రక్తం తక్కువగా ఉందమ్మా" అని డాక్టరమ్మ మనలో ఎంతమందికి చెప్పింది? తిండి తక్కువ కావడం ఒక కారణం. ఈ పురుగు ఇంకో కారణం.

ఏ పనికి ఏ బూటు?

అన్ని పనులకూ ఒకే బూటు పనికిరాదు.

ఎండాకాలం అడవికి గుడ్డ బూట్లు మంచివి. కాన్వాసు బూట్లు అంటారు. తేలికగా ఉంటాయి. గాలి ఆడుతుంది. చీలమండ పైదాకా వచ్చేవి, తాడు కట్టేవి తీసుకోండి. అడుగు మందంగా ఉండాలి. బొటనవేలితో అడుగును గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే తుమ్మముల్లు కూడా లోపలికి పోతుంది. అడుగున లోతైన గాళ్లు ఉండాలి. నున్నగా ఉంటే ఎండుటాకుల మీద జారుతుంది.

టైరు చెప్పులు ఉన్నాయి కదా అంటారు. ఉత్త కాలి కన్నా వెయ్యి రెట్లు మేలు. అడుగు నుంచి ముల్లు దిగదు. కానీ పక్కల నుంచి, పై నుంచి కాపాడవు.

వానాకాలానికి గమ్ బూట్లు. పిక్క సగం దాకా రావాలి. గడ్డి కోతకు, గట్ల మీద నడవడానికి, కలుపు తీతకు, రాత్రి నీళ్లు కట్టడానికి ఇవే మేలు. ఉన్న మాట చెప్తాను. లోతు బురదలో నాట్లు వేసేటప్పుడు గమ్ బూటు పనికిరాదు. కాలు బయటికి వస్తుంది, బూటు బురదలో ఉండిపోతుంది. అప్పుడు గట్టు మీద విడిచి దిగండి. పని అయ్యాక కాళ్లు శుభ్రంగా కడుక్కుని మళ్లీ వేసుకోండి.

సైజు చూసుకోవడం ఎట్లా?

మన చదువు ఇక్కడ పనికి వస్తుంది. బూటు అడుగున అంకె అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె మీరే చదవండి. కొన్నింటి మీద 5 అని ఉంటుంది. కొన్నింటి మీద 38 అని ఉంటుంది. రెండూ దాదాపు ఒకటే సైజు. కంగారు పడకండి.

ఇంట్లో ఒక కాగితం మీద నిలబడండి. పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకోండి. రెండు కాళ్లకూ గీయండి. చాలామందికి ఒక కాలు కొంచెం పెద్దది. పెద్ద కాలి కొలతకే కొనాలి. ఆ కాగితం కొంగున కట్టుకుని బజారుకు పోండి.

సాయంత్రం పూట కొనండి. పొద్దంతా నడిస్తే పాదం కొంచెం ఉబ్బుతుంది. పొద్దున కొన్న బూటు సాయంత్రానికి బిగుస్తుంది.

పనికి ఏ సాక్సులు వేసుకుంటారో ఆ సాక్సులతోనే వేసి చూడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం జారకూడదు. కొట్లోనే పది అడుగులు నడవండి. గొంతు కూర్చుని లేవండి. మన పని అంతా వంగి, కూర్చుని చేసేదే కదా! కూర్చున్నప్పుడు బూటు అంచు పిక్కకు గుచ్చుకుంటే అది మీకు పనికిరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడండి.

కొట్టు ఆయన "ఆడవాళ్ల సైజు లేదమ్మా, ఇది సరిపెట్టుకో" అంటాడు. సరిపెట్టుకోకండి. వదులు బూటు కాలిని కోస్తుంది, మనిషిని పడేస్తుంది. మా అత్తమ్మకు జరిగింది అదే. ఒక్కరు అడిగితే ఆయన తెప్పించడు. సంఘం తరఫున 20 జతలు అడిగితే తెప్పిస్తాడు. ధర కూడా తగ్గిస్తాడు.

సాక్సులు, మెట్టెలు

సాక్సులు లేకుండా బూట్లు వేసుకోకూడదు. చెమటకు కాలు ఒరుసుకుని బొబ్బలు లేస్తాయి.

ఉత్త నూలు సాక్సు చెమటను పీల్చుకుంటుంది కానీ త్వరగా ఆరదు. తడి సాక్సు ఒరిపిడికి మూలం. నూలు, నైలాను కలిపి నేసినవి త్వరగా ఆరతాయి. మడమ దగ్గర, వేళ్ల దగ్గర మందంగా ఉన్నవి చూడండి. సాక్సు బూటు కన్నా నాలుగు వేళ్లు పైకి రావాలి. లేకపోతే బూటు అంచు పిక్కను కోస్తుంది. చిరిగితే ముడివేసి కుట్టకండి. ఆ ముడి కాలి కింద రాయిలాగా నొక్కుతుంది.

రెండు జతలు ఉంచుకోండి. ఒకటి కాలికి, ఒకటి దండెం మీద. రోజూ ఉతకాలి. తడి సాక్సు రోజూ వేసుకుంటే వేళ్ల సందుల్లో ఒరుపు వస్తుంది.

ఇక మెట్టెల సంగతి. మగవాళ్లకు ఈ చిక్కు లేదు. బూటు కొన ఇరుకుగా ఉంటే మెట్టె పక్క వేలిని కోస్తుంది. సాక్సు కూడా చిరుగుతుంది. అందుకే కొన వెడల్పుగా ఉన్న బూటు తీసుకోండి. మెట్టె మీద మెత్తటి గుడ్డ ముక్క చుట్టి సాక్సు వేసుకోండి. పనిలో తీసేసి కొంగున ముడివేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. అది ఎవరి ఇష్టం వాళ్లది. పట్టీలు మాత్రం ఇంట్లో పెట్టి పోండి.

చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్లకు కాలిలో స్పర్శ తగ్గుతుంది. బొబ్బ లేచినా తెలియదు. బిగుతు సాక్సులు వద్దు. రోజూ రాత్రి అరికాలు చూసుకోవాలి.

వేసుకునే ముందు, విప్పిన తర్వాత

కొత్త బూట్లతో నేరుగా అడవికి పోకండి. వారం ముందు నుంచి ఇంటి దగ్గర రోజూ గంట సేపు వేసుకోండి. బూటు కాలికి అలవాటు కావాలి.

వేసుకునే ముందు బూటు తలకిందులు చేసి గట్టిగా దులపండి. తేలు, జెర్రి, ఒక్కోసారి చిన్న పాము కూడా దూరి ఉంటుంది. చేయి పెట్టి చూడకండి. రాత్రి పూట రెండు గుంజలు పాతి వాటికి బోర్లించండి.

తడిసిన బూట్లు పొయ్యి దగ్గర పెట్టకండి. రబ్బరు పగులుతుంది. లోపల పాత కాగితాలు కుక్కి నీడన ఆరబెట్టండి. గమ్ బూటుకు చిన్న చిల్లు పడితే సైకిల్ పంచరు వేసే ఆయనకు చూపించండి.

బూట్లు ఉన్నాయని ధైర్యంగా పొదలో కాలు పెట్టకండి. ముందు కర్రతో తట్టండి. చీకట్లో బ్యాటరీ లైటు ఉండాలి. ఆకు కోసే చోట ముందు కళ్లు, తర్వాత చెయ్యి.

కాటు పడితే?

"ఆలస్యం అమృతం విషం" అంటారు. పాము కాటుకు ఈ మాట అక్షరాలా నిజం.

కట్టు బిగించి కట్టకండి. కోయకండి. నోటితో పీల్చకండి. పసరు పోయకండి. పామును వెతుక్కుంటూ పోకండి. మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. బూట్లు, మెట్టెలు, పట్టీలు మెల్లగా తీసేయండి, కాలు వాస్తుంది కనుక. కాలు కదలనివ్వకండి. నడిపించకండి. 108కి ఫోన్ చేయండి. పాము విషానికి విరుగుడు సూది మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో డబ్బు లేకుండా ఇస్తారు. ఆ మందు ఒక్కటే మందు.

నవ్వితే నవ్వనీయండి

ఇందాక ఒక చెల్లెలు అడిగింది. "బూట్లు వేసుకుంటే ఊళ్లో నవ్వరా అక్కా?"

నవ్వుతారు. "ఏం, పోలీసు ఉద్యోగం వచ్చిందా?" అంటారు. అననీయండి. మిరప కోతకు చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుంటాం కదా! మొదట్లో దానికీ నవ్వి ఉంటారు. ఇప్పుడు ఎవరైనా నవ్వుతున్నారా?

ఛత్తీస్‌గఢ్‌లో తునికాకు ఏరేవాళ్లకు ప్రభుత్వమే పాదరక్షలు ఇచ్చే పథకం 2005లో పెట్టారు. మధ్యలో ఆపేశారు. 2025లో మళ్లీ మొదలుపెట్టారు. అడిగితే ఇచ్చే రోజులు ఇక్కడా రావచ్చు. మనం కూడా రాసి అడుగుదాం. అర్జీ రాయడం మనకు వచ్చు కదా!

అప్పటిదాకా ఆగవద్దు. గమ్ బూట్ల జత మూడు నాలుగు వందల రూపాయల్లో దొరుకుతుంది. మా గేదె ధర ఎంతో మీకు తెలుసు. సంఘంలో పొదుపు డబ్బు ఉంది. దానిలోంచి అప్పు తీసుకుని, ఆకు డబ్బు రాగానే కట్టుకోవచ్చు.

పిల్లవాడికి బూట్లు కొన్నాం. ఇంటి ఆయనకు కొన్నాం. ఈసారి మనకు కొనుక్కుందాం. వాళ్ల పాతవి వద్దు. మన కొలతకు సరిపోయేవి కొనుక్కుందాం.

కాగితం, పెన్సిలు తెచ్చాను. ఎవరు ముందు కాలు పెడతారు? రండి. గీత నేను గీస్తాను. పేరు, సైజు నంబరు మాత్రం మీరే రాయాలి.



ఆలోచించండి, మాట్లాడుకోండి
1. మీ ఇంట్లో ఎవరెవరికి చెప్పులు, బూట్లు ఉన్నాయి? ఎవరికి లేవు? ఎందుకు?
2. మీ పాదం కొలత గీయండి. మీ సైజు నంబరు రాయండి.
3. మీ ఊరికి దగ్గరలో పాము కాటుకు సూది మందు ఏ ఆసుపత్రిలో ఉంది? కనుక్కుని పలక మీద రాయండి.