గోడకావలి చెలిమి

వేరు మతముల పిల్లలను వేసవి సెలవులలో ఒకచోట చేర్చినంతమాత్రమున వారి మనసులు మారునా యని అడుగువారు కలరు. ఉత్తర ఐర్లండు ఉదాహరణముతో మేమీ ప్రశ్నను పరిశీలింపదలచితిమి.

ఆ దేశమున పలుకును బట్టి మతమును గుర్తించుట కలదు. ఇంగ్లీషు అక్షరము 'హెచ్'ను కాథలిక్కులు పెక్కురు 'హేచ్' అనియు, ప్రొటెస్టంట్లు పెక్కురు 'ఏచ్' అనియు పలుకుదురు. పాఠశాలలు వేరు, పేటలు వేరు. 1969 నుండి బెల్‌ఫాస్టులో ఇరువురి వీధులనడుమ గోడలును లేచినవి.

1975లో కెరీ వాటర్‌స్టోన్ అను ఐర్లండు మతాచార్యుని చొరవతో 'అల్‌స్టర్ ప్రాజెక్టు' ఆరంభమయ్యెను. ఇరుమతముల బాలబాలికలను, 14 మొదలు 16 ఏండ్ల వయసువారిని, సమసంఖ్యలో జూలై మాసమున అమెరికా కుటుంబములలో అతిథులుగా ఉంచిరి. 1690 నాటి బోయిన్ యుద్ధమును స్మరించు ఊరేగింపులతో స్వదేశమున ఉద్రిక్తత పెరుగు మాసమది. అమెరికాలో ఆ పిల్లలు కలసి ఆడిరి, సేవచేసిరి, మనసువిప్పి మాటలాడుకొనిరి.

నెలదినములలో తరతరముల పగ మాయునా? మాయదు. ఇంటికి మరలిన పిల్లవానికి ఎదురగునది ఆ వీధియే, ఆ గోడయే. అయినను గోడకావల అతనికిప్పుడొక స్నేహితుడున్నాడు. ఇజ్రాయేలీ, పాలస్తీనా పిల్లలకు అమెరికాలో జరిగిన ఇట్టి శిబిరమును పరిశీలించిన పండితులును, ఎదుటిపక్షమున ఒక్క ఆప్తమిత్రుని సంపాదించినవారిలో మార్పు ఎక్కువగా నిలిచెనని కనుగొనిరి.

ఆ మిత్రుని పిల్లవాడు ఇంటికి పిలువగోరినపుడు తలుపు తీయవలసినవారు పెద్దలు. వారి పనిని ఏ శిబిరమును చేసిపెట్టజాలదని మేము తలచుచున్నాము.