సీటీ రిపోర్టు వాట్సాప్‌లో వస్తే ముందు ఏం అడగాలి

(ఎపిసోడ్ పాఠం. రికార్డింగ్: షానన్, ఐర్లాండ్, జులై 2021. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం, అక్కడక్కడా కొంచెం సర్దాం.)

ఈ రెండు నెలల్లో మీరు పంపిన వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఒకటే ప్రశ్న. దమ్మామ్ నుంచి అదే, దోహా నుంచి అదే. "అన్నా, ఊర్ల అమ్మకు స్కాన్ తీసిండ్రు, 25కి 11 వచ్చిందట. అంటే ఎంత ప్రమాదం? నేను బయల్దేరాల్నా?"

నేను డాక్టర్ని కాను. ఐటీఐ చేసి, గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి, ఇప్పుడు ఇక్కడ సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నా. కానీ మే నెలలో మా ఇంట్లోనే మూడు రిపోర్టులు నా ఫోన్‌కి వచ్చాయి. అప్పుడు ఇక్కడ పనిచేసే మన తెలుగు డాక్టరమ్మ ఒకావిడ గంటసేపు ఓపిగ్గా అన్నీ వివరించారు. ఇప్పుడు చెప్పేది ఆమెతో సరిచూసుకున్నదే. ఇది మీ డాక్టర్‌కి బదులు కాదు. ఆ డాక్టర్‌ని ఏం అడగాలో తెలియడానికి, అంతే.

ముందు ఆ 25 ఏంటో చూద్దాం. మన ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు భాగాలు, ఎడమవైపు రెండు, మొత్తం ఐదు. ఒక్కో భాగంలో మచ్చ ఎంత మేర ఉందో చూసి 0 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 5 శాతం లోపు ఉంటే 1, పావు వంతు లోపు 2, సగం లోపు 3, ముప్పావు దాకా 4, అంతకు మించితే 5. ఐదైదులు ఇరవై ఐదు. అంతే లెక్క. మా బావకు 8 వస్తే మా ఫ్యామిలీ గ్రూపులో ఒకాయన దాన్ని నాలుగుతో గుణించి "32 శాతం లంగ్స్ పోయినయ్" అని పెట్టాడు. అక్క ఏడుపు. ఆ గుణకారం తప్పు. ఐదు భాగాల్లో ఒక్కోచోట 5 శాతం లోపు మచ్చలున్నా మార్కు 5 అవుతుంది, నాలుగుతో గుణిస్తే 20 శాతం అంటారు. నిజానికి మచ్చ మొత్తం కలిపినా 5 శాతం ఉండదు. పైగా మచ్చ ఉందంటే అక్కడ వాపు, నెమ్ము ఉందని. ఊపిరితిత్తి పోయిందని కాదు.

అదే రిపోర్టులో ఇంకో మాట ఉంటుంది, కో-రాడ్స్. నెదర్లాండ్స్ రేడియాలజీ డాక్టర్లు 2020లో పెట్టిన పద్ధతి అది. ఈ మచ్చలు కోవిడ్ వల్లే అని ఎంత అనుమానం ఉందో చెప్పే నంబరు. కో-రాడ్స్ 5 అంటే "కోవిడ్ లాగానే ఉంది" అని. 6 అంటే టెస్టులో కూడా పాజిటివ్ వచ్చింది అని. జబ్బు ఎంత ముదిరిందో అందులో ఉండదు. మా బావ రిపోర్టులో 5 చూసి, "ఐదంటే లాస్ట్ స్టేజీ" అని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు.

మరి ఆ 8 మంచిదా, చెడ్డదా? అసలు ప్రశ్న: ఎన్నో రోజున తీశారు? మన కాంక్రీటు వాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. క్యూబ్ పోసిన రెండో రోజు ప్రెస్‌లో పెట్టి "బలం లేదు" అంటే ఇంజనీర్ నవ్వుతాడు. 7 రోజులకు ఒక లెక్క, 28 రోజులకు ఒక లెక్క. తేదీ లేని క్యూబ్ రిజల్టుకి విలువే లేదు. స్కాన్ కూడా అంతే. జ్వరం వచ్చిన రెండో రోజు తీస్తే ఊపిరితిత్తి శుభ్రంగా కనబడొచ్చు, ఆ మనిషికే తొమ్మిదో రోజు ఆయాసం రావచ్చు. మా వీధిలో ఒకాయనకు మూడో రోజు స్కోరు 4. "మైల్డ్" అని రాసుంది కదా అని ఆక్సిమీటర్ తీసి పక్కన పెట్టారు. తొమ్మిదో రోజు చూస్తే 87. దేవుడి దయ, జగిత్యాలలో బెడ్ దొరికింది, బతికాడు. మా బావకు అంతకంటే ఎక్కువ, 8. ఏడో రోజు తీసిన స్కాన్. ఆక్సిజన్ ఎప్పుడూ 96కి తగ్గలేదు. ఇంట్లోనే తగ్గిపోయింది.

ఇండియాలో ఎయిమ్స్, ఐసీఎంఆర్ కలిసి ఏప్రిల్‌లో ఇచ్చిన పట్టిక చూడండి. అందులో మైల్డ్, మోడరేట్, సివియర్ అని విడగొట్టింది ఊపిరి వేగంతో, ఆక్సిజన్‌తో. నిమిషానికి 24 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా మోడరేట్. 30 దాటినా, 90 కన్నా తగ్గినా సివియర్. రెండూ ఇంట్లో చూసుకోగలిగినవే. దీనికి స్కాన్ సెంటర్ ముందు నాలుగు గంటలు, దగ్గేవాళ్ల మధ్య లైన్‌లో నిలబడక్కర్లేదు.

మరి జనం ఎందుకు ఎగబడ్డారు? వాళ్లనీ అనలేం. ఏప్రిల్, మేలో ఆర్టీపీసీఆర్ రిజల్టు రావడానికి రోజులు పట్టింది. కొందరికి జబ్బు ఉన్నా నెగెటివ్ వచ్చింది. చేతిలో ఏదో ఒక కాగితం లేకపోతే బెడ్ లేదన్న ఆసుపత్రులున్నాయి. అలాంటప్పుడు స్కాన్ ఒక ఆధారం. చైనాలో కూడా 2020 ఫిబ్రవరిలో టెస్టులు సరిపోక హుబేలో స్కాన్ చూసి కేసులు లెక్కేశారు, ఒక్కరోజులో లెక్క దాదాపు 15 వేలు పెరిగింది. కానీ పాజిటివ్ అని తేలిపోయి, ఆక్సిజన్ 97 ఉండి, మామూలుగా తిని తిరిగేవాళ్లకి కూడా రెండ్రెండు సార్లు స్కాన్ తీయించారు చూడండి, అది నాకు మింగుడు పడదు. మే 3న ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా గారు అదే చెప్పారు, మైల్డ్ కేసులకి స్కాన్ వద్దని. ఒక సీటీ 300, 400 ఎక్స్‌రేలతో సమానం అని కూడా అన్నారు. దానికి రేడియాలజిస్టుల సంఘం ఒప్పుకోలేదు, ఇప్పటి తక్కువ డోసు మిషన్లలో అంత ఉండదు, 5 నుంచి 10 ఎక్స్‌రేలంతే అన్నారు. ఆ తగువు పక్కన పెట్టండి. స్కాన్ వల్ల వైద్యం మారనప్పుడు అది ఎందుకన్నదే ఆయన అసలు మాట.

ఇక్కడ ఎలా ఉంది అని అడుగుతారు. జనవరిలో ఐర్లాండ్‌లో కేసులు విపరీతంగా పెరిగి, 8వ తేదీ నుంచి చాలా సైట్లు మూసేశారు. అప్పుడే మాతో పనిచేసే నిజామాబాద్ తమ్ముడికి పాజిటివ్ వచ్చింది. జీపీకి ఫోన్ చేస్తే స్కాన్ మాటే ఎత్తలేదు. "వీళ్లు పట్టించుకోరన్నా" అని వాడికి కోపం. రోజూ ఆక్సిమీటర్ చూసుకోమన్నారు, తగ్గితే ఫోన్ చేయమన్నారు. ఎనిమిదో రోజు 92కి వచ్చింది. లిమెరిక్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఛాతీ ఎక్స్‌రే, రక్త పరీక్షలు, ఆక్సిజన్, డెక్సామెథాసోన్. ఆరు రోజులకు రూముకొచ్చాడు. అవసరం పడ్డప్పుడు అన్నీ చేశారు.

ఇక రక్త పరీక్షలు. సీఆర్‌పీ అంటే ఒంట్లో మంట, వాపు ఎంత ఉందో చెప్పేది. లివర్‌లో తయారవుతుంది. ఏ ఇన్ఫెక్షన్‌కైనా పెరుగుతుంది, కాబట్టి అదొక్కటే చూసి కోవిడ్ ముదిరింది అనలేం. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో రాస్తాయి, కొన్ని డెసిలీటరుకు. అదే రక్తం ఒకచోట 40 అని, ఇంకోచోట 4 అని వస్తుంది. ల్యాబు మార్చి "పదో వంతుకు తగ్గింది" అని సంబరపడొద్దు, "పది రెట్లు పెరిగింది" అని గుండె ఆపుకోవద్దు. నంబరు పక్కనున్న యూనిట్ చదవండి. సైట్‌లో మిల్లీమీటర్లకీ సెంటీమీటర్లకీ తేడా తెలిసినవాళ్లం మనం.

డి-డైమర్ రక్తం గడ్డలు కట్టి కరిగిన ముక్కల లెక్క. అందులోనూ యూనిట్ల గొడవ ఉంది. 0.5 అని ఒకరు రాస్తే 500 అని ఇంకొకరు రాస్తారు, రెండూ ఒకటే కావచ్చు. వయసు మీద పడ్డవాళ్లకి మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది. ఫెరిటిన్, ఎల్‌డీహెచ్, ఐఎల్-6 అని ఇంకా ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిన ముక్క నాకు బాగా నచ్చింది: చవకైన సీబీసీలో లింఫోసైట్లు పడిపోతున్నాయా చూడు, అదీ చాలా చెబుతుంది. ఒక్క రోజు నంబరు కాదు, రెండు మూడు రోజుల తేడాలో ఎటు పోతోంది అన్నదే డాక్టర్లు చూస్తారు. మందు నిర్ణయంలో కూడా అంతే. బ్రిటన్‌లో రికవరీ ట్రయల్‌లో టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ పరీక్షించినప్పుడు ఆక్సిజన్ పడిపోయి, సీఆర్‌పీ కూడా 75 మిల్లీగ్రాములు దాటినవాళ్లనే తీసుకున్నారు. రెండూ కలిపి చూశారు.

ఇదంతా ఎందుకు ఇంత సాగదీసి చెప్తున్నానంటే, స్టెరాయిడ్ కోసం. స్కోరు 8 అని చూసి ఒక ఆర్‌ఎంపీ మా బావకు డెక్సా మొదలుపెడదామన్నాడు. ఆక్సిజన్ 97! అదే రికవరీ ట్రయల్ 2020 జూన్‌లోనే తేల్చింది, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకి డెక్సామెథాసోన్ ప్రాణం నిలుపుతుంది, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి లాభం కనబడలేదు అని. పైగా మా బావకు షుగర్. స్టెరాయిడ్‌తో షుగర్ ఎగబాకుతుంది, ఆ తర్వాత బ్లాక్ ఫంగస్ సంగతి మీరు మేలో చూశారు కదా. అక్కతో ఫోన్‌లో గట్టిగా చెప్పా, ఎండీ డాక్టర్‌ని అడగకుండా ఒక్క గోలీ వద్దని. కరీంనగర్ డాక్టర్ కూడా వద్దనే అన్నారు.

ఊరికి పోయే దారి లేదు నాకు. ఏప్రిల్ చివర్లో ఇండియాని హోటల్ క్వారంటైన్ లిస్టులో పెట్టారు. మీలో చాలామందిదీ అదే గతి. కాబట్టి రిపోర్టు ఫొటో వచ్చినప్పుడు స్కోరు దగ్గరకి పోకముందే ఇవి అడగండి: జ్వరం మొదలై ఎన్నో రోజు? కూర్చున్నప్పుడు ఆక్సిజన్ ఎంత, ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిచాక ఎంత? నడిచాక 94 కన్నా కిందికి వచ్చినా, మూడు నాలుగు పాయింట్లు పడినా వెంటనే డాక్టర్ దగ్గరికి. ముందే ఆయాసం ఉన్నవాళ్లని నడిపించొద్దు. ఆక్సిమీటర్ పెట్టేటప్పుడు గోరింటాకు, గోళ్ల రంగు లేని వేలు, చల్లగా లేని చేయి చూడండి. మనలాంటి నల్ల చర్మానికి అది కాస్త ఎక్కువ చూపించొచ్చు, అందుకని 94 అంటే "ఫర్లేదు" అని వదలొద్దు. మాట్లాడుతుంటే వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నారా? అది మీరే ఫోన్‌లో వినొచ్చు. అందుకే మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి, వాళ్లనే మాట్లాడనివ్వండి.

డబ్బు సంగతి కూడా చెప్తా. జూన్‌లో తెలంగాణ సర్కారు ధరలు కట్టింది: హెచ్‌ఆర్‌సీటీ 1,995, సీఆర్‌పీ 500, డి-డైమర్ 300, ఐఎల్-6 కి 1,300 రూపాయలు. వేవ్ తగ్గాక ఇచ్చారనుకోండి. ఆంధ్రలో సీటీకి 3,000 అని ఏప్రిల్‌లోనే పెట్టారు. అంతకన్నా ఎక్కువ అడిగితే జీవో చూపించమనండి.

మొన్న మళ్లీ అక్క ఫోన్. మచ్చలు పోయాయో లేదో చూడ్డానికి ఇంకో స్కాన్ తీయిద్దామా అని. "బావ ఏం చేస్తున్నడు?" అన్నా. పొలం కాడికి పోయిండు, బండి మీద కాదు, నడుచుకుంటనే అంది. డాక్టర్‌ని అడగమన్నా. ఆయన షుగర్ టెస్టు మాత్రం రాసిచ్చాడు.