నానో ఔషధాలు: స్త్రీ పురుష దేహాలలో తేడా

మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. ఆ కొలతలో ఒకటి మొదలు కొన్ని వందల దాకా ఉండే రేణువులుగా తయారైన మందులే నానో ఔషధాలు. ఇవి మహానగరాలకే పరిమితమనుకోవడం పొరపాటు, ఎందుకంటే చీపురుపల్లి వంటి ఊళ్లలోనూ రక్తహీనత ముదిరిన గర్భిణులకు సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ సుక్రోజ్, చక్కెర పూత గల ఇనుప రేణువులతో కూడినదై, ఆ కోవకే చెందుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత ఉన్నట్లు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది.

రక్తంలో చేరిన రేణువులను ముందుగా పట్టేవి మాక్రోఫేజ్‌లు, అంటే కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉండి పరాయి పదార్థాలను మింగే రక్షణ కణాలు. వీటి పనితీరుపై ఈస్ట్రోజెన్, టెస్టోస్టిరాన్ హార్మోన్ల ప్రభావం ఉంటుంది. అమెరికాలో 1995లో అనుమతి పొందిన, కొవ్వు బుడగలో ఇమిడ్చిన డాక్సోరుబిసిన్ అనే క్యాన్సర్ మందు, ఆ తరహా ఇతర మందులు పురుషులకంటే స్త్రీల రక్తం నుంచి నెమ్మదిగా తొలగుతాయని పరిశోధకులు గమనించారు. అమెరికాలోని తెలుగువారిలో ఎందరో వేయించుకున్న ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాలు కూడా కొవ్వు నానో రేణువులే; వాటివల్ల తీవ్రమైన అలర్జీ స్త్రీలలో, గుండె కండరపు వాపు యువకులలో, రెండూ అరుదుగానే అయినా, ఎక్కువగా నమోదయ్యాయి.

ఇంత తేడా ఉన్నా ఐరన్ సుక్రోజ్ మోతాదును శరీర బరువు, హిమోగ్లోబిన్ లోటు ఆధారంగానే లెక్కిస్తారు, స్త్రీ పురుష భేదాన్ని పట్టించుకోరు. ఈ ఉపేక్షకు పాత మూలం ఉంది: గర్భధారణకు అవకాశమున్న స్త్రీలను తొలిదశ ఔషధ పరీక్షలకు దూరంగా ఉంచాలని 1977లో చెప్పిన అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఆ నిబంధనను 1993లో గానీ ఎత్తివేయలేదు.