తైలము నిండుకొన్న రాత్రి

16వ శతాబ్దమున ఐరోపాఖండమందు తుపాకిగాయము విషపూరితమనియు, మరుగుచున్న నూనె పోసి కాల్చిననే గాని ఆ విషము విఱుగదనియు శస్త్రవైద్యులు దృఢముగా నమ్మియుండిరి. 1537లో ఫ్రెంచిసేనలు ఇటలీలోని ట్యూరిన్ ప్రాంతమున పోరుచుండగా, వానివెంట నడచిన ఆంబ్రువాజ్ పారే యను యువకవైద్యునికడ ఆ నూనె కాస్తయు నిండుకొనెను. గత్యంతరము లేక అతడు కోడిగ్రుడ్డు పచ్చసొనయు, గులాబితైలమును, టర్పెంటైనును కలిపి మిగిలిన క్షతగాత్రులకు పూసి, వారు విషమెక్కి మరణింతురేమో యను భీతిచే రాత్రియెల్ల కంటికి కునుకు లేక, వేకువనే పోయి చూచెను. లేపనము పూయించుకొన్నవారు చాలవఱకు సుఖముగా విశ్రమించి యుండిరి. నూనెతో కాల్పబడినవారో, జ్వరముతోను వాపుతోను తల్లడిల్లుచుండిరి. అంతటి క్రూరచికిత్సను ఇక నెన్నడును చేయరాదని అతడు నిశ్చయించుకొనెను.

పారే మంగలివైద్యుడు, లాటిను రాదు. కనుక 1545లో తన యనుభవమును ఫ్రెంచిభాషలోనే గ్రంథముగా ప్రకటించెను. పిమ్మట, అవయవమును ఖండించునపుడు రక్తము నిలుపుటకై కాలిన యినుముతో వాత పెట్టుట మాని, రక్తనాళములను దారముతో ముడివేయు ప్రాచీనపద్ధతిని పునరుద్ధరించెను. ఇంత చేసినను, 1575లో అతని సమగ్రరచనలు వెలువడినపుడు పారిస్ వైద్యవిద్యాపీఠమువారు అడ్డుపడిరి. అప్పటికే అతడు ఫ్రాన్సు రాజునకు ప్రధానశస్త్రవైద్యుడు.