కందికట్టె, ఊక, చిట్టెము



తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఈ వికారాబాదు సీమ యంతయు సంతోషించినది. కాని కంది నూర్చిన పిమ్మట కళ్లము పక్కన మిగిలిన కట్టెను గూర్చి అంత శ్రద్ధతో తలచినవారు అరుదు. ఆ కట్టెయు, పత్తికట్టెయు, మిల్లులలోని వరి ఊకయు బాయిలర్లకు ఇంధనమగుచున్న యీ దినములలో మంటను గూర్చి చెప్పువారు పెక్కండ్రు గలరు. నేను బూడిదను గూర్చి చెప్పెదను.

ఉద్యోగమునకు కొత్తగా వచ్చిన దినములలో ఒక మిల్లున చల్లార్చిన బాయిలరులోనికి వంగి చూచితిని. బూడిద కరగి గొట్టములను పట్టుకొని, నల్లని గాజువలె మెరయుచున్న చిట్టెమును ఇద్దరు కూలీలు గునపములతో దినమంతయు కొట్టినను అది పెచ్చులు పెచ్చులుగానే రాలినది. వారి అరచేతుల బొబ్బలు నేటికిని నా కన్నులకు గట్టినట్లున్నవి.

మంచి కట్టెలో బూడిద నూటికి ఒక పాలు. ఊకలో సుమారు 20 పాళ్లు, అందులోను అధికభాగము సిలికాయే. ఒంటిగా నున్న సిలికా 1,700 డిగ్రీల వరకు కరగదు గాని, మొక్క నేలనుండి పీల్చుకొన్న పొటాషియముతో గూడినచో 800 డిగ్రీలకు లోపలనే మెత్తబడి జిగురగును. వరిగడ్డి వంటి వానిలోని క్లోరిన్ ఆ పొటాషియమును ఆవిరిగా పైకి లేపి, గొట్టములపై పేర్చి, ఇనుమును తినివేయును.

దీనికి తొలి మందు వాన. కోసిన గడ్డిని రెండు జల్లులకు తడవనిచ్చి ఆరబెట్టినచో ఈ పొటాషియము, క్లోరిన్ లవణములు చాలవరకు కడుగుకొని పోవును. డెన్మార్కు దేశస్థులు అట్లు వెలిసిన గడ్డినే కొలిమికి మేలైనదిగా నెంచుదురు. పశువొల్లని గడ్డిని కొలిమి కోరును. వేళ్లతో సహా పెరికిన కట్టెకు అంటిన మన్ను దులుపుటయు చిన్నపని కాదు. ఆ మన్నంతయు బూడిదయే గదా.

గడ్డి బూడిదకు తగుపాళ్లలో సున్నము చేర్చినచో అది కరగు వేడిమి హెచ్చును. తాండూరు నాపరాతిని కోసి నునుపు చేయునప్పుడు వచ్చు సున్నపురాతి పొడి మన కళ్లెదుటనే కుప్పలు పడియున్నది. దానిని పరీక్షించి చూచు పని నేడు పట్టభద్రులగుచున్న మీది కావలెనని నా కోరిక. ఇక కరణ్‌కోట్ వంటి చోట్ల సిమెంటు బట్టీలలో, 1,450 డిగ్రీల వేడిమిలో, బూడిద ముడిసరకులో కలిసిపోవును: బాయిలరు వారు క్లింకరని తిట్టు గడ్డకును అచ్చటి సరకునకును పేరొక్కటే. అయినను క్లోరిన్ మితిమీరినచో అచ్చటను పొరలు కట్టును.

రేపు మీరు ఏ బాయిలరుకడ నిలిచినను, చల్లారిన బూడిదను పిడికెడు తీసి నలిపి చూడుడు. పొడిగా రాలినచో సరియే. పలుకులు చేతికి తగిలినచో, గునపము తెమ్మనుటకు ముందే మంట తగ్గింపుడు.