పాత మౌంటెన్ బైకు, రాచకొండ దారి

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద ఇబ్రహీంపట్నం తగులుతుంది. కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు ఇక్కడిదే. తూర్పున రాచకొండ గుట్టలు. మొరం బాటలు, బండరాళ్లు. ఇలాంటి చోట ముప్ఫై ఏళ్ల నాటి మౌంటెన్ బైకు పనికొస్తుందా?

భేషుగ్గా పనికొస్తుంది. దాని తీరు తెలిసి తొక్కాలి, అంతే.

1981లో అమెరికాలో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఈ బైకులు పెద్దఎత్తున మార్కెట్‌లోకి వచ్చాయి. తొంభైల నాటి బైకుల్లో ముందు ఫోర్కు కోణం సుమారు 71 డిగ్రీలు, అంటే దాదాపు నిటారు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ 12, 13 సెంటీమీటర్లు. చక్రాలు 26 అంగుళాలు. ఇప్పటి ట్రైల్ బైకుల్లో ఆ కోణం 65 డిగ్రీల దగ్గర, స్టెమ్ 4, 5 సెంటీమీటర్లే.

ఎక్కుడులో, ఇరుకు మలుపుల్లో పాతదే చురుకు. అసలు తేడా దిగుడులో తెలుస్తుంది. ముందు చక్రానికి రాయి అడ్డం పడితే, బరువంతా హ్యాండిల్ మీద మోపిన మనిషి పల్టీ కొట్టడమే! అందుకే అనుభవజ్ఞులు దిగేముందు సీటు కిందికి దించుతారు. ఒంటిని వెనక్కి జరిపి, మోచేతులు వదులుగా ఉంచుతారు. ముందు బ్రేకు ఒక్కసారిగా బిగించరు.

స్టెమ్ పొట్టిది, హ్యాండిల్ వెడల్పుది వేస్తే సగం బాధ తీరుతుంది. ఫ్రేమ్ మార్చక్కర్లేదు.

అటకమీది సైకిలు దించేవారు ముందుగా ఫ్రేమ్ అతుకుల దగ్గర పగుళ్లు, బ్రేకు రబ్బర్ల అరుగుదల చూసుకోండి. హెల్మెట్ మరవకండి.