మొలకలోనే పంట అంచనా

సాంబ మసూరి తెలుగువారికి క్రొత్తగా పరిచయము చేయవలసినది కాదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ వరి వంగడమునకు సన్నని గింజయు మంచి రుచియు కలవు; ఎండాకు తెగులును తట్టుకొను శక్తి మాత్రము లేదు. రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థవారును, సి.సి.ఎం.బి. వారును కలసి తెగులు నెదిరించు మూడు జన్యువులను దానిలో చేర్చిరి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైనది. మొక్క పసిదిగా నున్నప్పుడే ఆకు తుంచి పరీక్షించి, ఆ మూడును గల మొక్కలనే ఏరుకొనుట అందలి కిటుకు.

మరి దిగుబడి మాట యేమని శ్రోతలు అడుగవచ్చును. దానికి మూడు జన్యువుల లెక్క చాలదు. పిలకల సంఖ్య, కంకి పొడవు, గింజ బరువు వీనిలో ఒక్కొక్కదాని వెనుక ఎన్నో జన్యువులు రవంత రవంతగా పనిచేయును. ఊరంతయు కూడి లాగు రథమును చూచి ఫలానివాని బలమింత యని చెప్పుట యెట్లు?

2001లో మ్యూవిసన్, హేస్, గొడార్డ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఒక త్రోవ చూపిరి. గట్టివానిని మాత్రమే వెదకక, అందరిని కలిపి తూచవలెనని వారి పద్ధతి. అది మొదట పాడిపశువుల పెంపకమున స్థిరపడి, పిదప పైరులకు వ్యాపించినది. కొన్ని వందల వంగడములను నాటి దిగుబడిని కొలుతురు. వాని జన్యుపటములలో వేలకొలది చోట్ల గల భేదములను గుర్తింతురు. ఏ భేదమునకు దిగుబడి యెంత మొగ్గుచున్నదో కంప్యూటరు లెక్కగట్టి ప్రతి గుర్తునకు ఒక విలువ నిచ్చును. ఇక క్రొత్త సంకరపు మొలకలోని గుర్తుల విలువలను కూడినచో, దాని సంతతి యెట్లు పండగలదో అంచనా దొరకును.

ఈ అంచనాకు పొలపు పరీక్షకున్నంత గురి లేదు. లాభమంతయు కాలములో నున్నది. సంకరపు సంతతిని కొన్ని తరములు స్థిరపరచి, పలుచోట్ల నాటి చూచి, మేలైనవానిని మరల సంకరమునకు ఎన్నుకొనుటకు ఏండ్లు పట్టును. మొలకలోనే ఎన్నుకొన్నచో ఆ నిరీక్షణ తప్పును. గురి సగమే యైనను, తక్కినవన్నియు సమానముగా నుండి, ఒక విడతకు పట్టు కాలములో మూడు విడతలు నడచినచో లాభము ఒకటిన్నర రెట్లగును. పరీక్షకే ఏండ్లకేండ్లు పట్టు ఆయిల్‌పామ్ వంటి చెట్లకు ఈ మేలు మరింత హెచ్చు.

మొలకే చెప్పుచుండగా ఇక పొలములేల, కొలతల ఖర్చేల అను వాదము సులభముగా పుట్టును. నాకది ప్రమాదకరముగా తోచుచున్నది. ఆ విలువలు వచ్చినది పొలము నుండియే. మడిలో తూకము తప్పినచో కంప్యూటరు దానిని సరిదిద్దలేదు. పైగా తరము మారినకొలది గుర్తునకును, అసలు జన్యువునకును గల పొత్తు సడలి అంచనా గురి తప్పును. నీరు పుష్కలమైన డెల్టా మళ్ళలో కట్టిన విలువలు వర్షాధారపు పొలమునకు అట్లే చెల్లవు. కావుననే కొన్ని తరముల కొకసారి సంతతిలో కొన్నిటిని మరల నాటి, కోసి, తూచి, ఆ తూకములతో విలువలను క్రొత్తగా కట్టవలసియుండును.